గడ్డి కోసేవాళ్ళ ఊరు

రాజమండ్రి

అమ్మాయ్,

నీ చిత్తుప్రతి రెండుసార్లు చదివాను. ఎర్ర సిరా కాస్త ఎక్కువే పడింది, ఏమనుకోకు. అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రపు ట్రాయ్ ఊళ్ళో రెన్సెలర్ కాలేజీలో ఇంజనీరింగ్ చదువుతూ ఆ ఊరి పాతకథ తెలుగులో రాయాలన్న బుద్ధి పుట్టడమే నాకు సంతోషం. అటు వెళ్ళిన మనవాళ్ళు మంచు గురించి రాస్తారు, లేదంటే ఆవకాయ గురించి.

సైనికులకో అధ్యాయం, బేస్‌బాల్‌కో అధ్యాయం, నాటకాలకో అధ్యాయం అంటూ గదులు కట్టేశావు. తలుపులు మాత్రం పెట్టలేదు. అదీ చిక్కు.

1852 సెప్టెంబరులో ట్రాయ్ మ్యూజియం అనే నాటకశాలలో 'అంకుల్ టామ్స్ క్యాబిన్' నాటకం వేశారు. నల్లజాతి బానిసల కష్టాలు చెప్పే ఆ నవల పుస్తకంగా వచ్చి అప్పటికి ఆర్నెల్లు. జార్జ్ ఎయికెన్ దాన్ని నాటకంగా మలిచాడు. ముప్పై వేల జనాభా ఉన్న ఊళ్ళో నూరు రాత్రులు ఆడింది! అందులో ఇవా అనే చిన్నపిల్ల వేషం కట్టిన కార్డీలియా హోవార్డ్‌కి నాలుగేళ్ళు. నాన్న కంపెనీ నడిపేవాడు, టాప్సీ అనే బానిస పిల్ల వేషం అమ్మది. మన సురభి పిల్లలు మాటలు వచ్చీరాకముందే రంగస్థలం ఎక్కేస్తారే, అదే సంగతి. నువ్వేమో రెండు వాక్యాల్లో దాటేశావు.

ఎనిమిదేళ్ళ తర్వాత, 1860 ఏప్రిల్ 27. చార్లెస్ నాల్ వర్జీనియాలో బానిసగా ఉండి పారిపోయి వచ్చినవాడు, ట్రాయ్‌లో ఒక ధనవంతుడి బండి తోలేవాడు. రొట్టె కొనడానికి వెళ్తే, పారిపోయిన బానిసల్ని యజమానికి తిరిగి అప్పగించాలన్న చట్టం కింద పట్టుకున్నారు. స్టేట్ స్ట్రీట్ మూల మీద ఆ కేసులు చూసే కమిషనర్ ఆఫీసు ముందు జనం పోగయ్యారు. తానూ బానిసత్వం నుంచి పారిపోయి, మరెందరినో తప్పించిన హారియట్ టబ్‌మన్ ముసలమ్మలా నడుం వంచుకుని లోపలికి చేరింది. చేతులకు సంకెళ్ళతో అతన్ని కిందికి దించగానే పట్టుకుంది, దెబ్బలు పడుతున్నా వదల్లేదు. జనం లాక్కుపోయి పడవెక్కించారు. హడ్సన్ అవతలి ఒడ్డున మళ్ళీ దొరికాడు, మళ్ళీ విడిపించారు. ఆ తర్వాత చందాలు పోగుచేసి 650 డాలర్లకి అతని స్వేచ్ఛ కొన్నారు.

"నాటకం చూసి ఏడ్చిన జనమే నాల్‌ను విడిపించారు" అని రాశావు. కొట్టేశాను. ఎవరు ఏడ్చారో, ఎవరు లాగారో నీకేం తెలుసు? రెండూ పక్కపక్కన పెట్టు. మధ్యలో 'అందుకే' వద్దు.

'అట' విషయంలోనూ జాగ్రత్త. 1812 యుద్ధంలో సైన్యానికి మాంసం సరఫరా చేసిన శామ్యూల్ విల్సన్ ట్రాయ్‌వాడు. పీపాల మీద 'యు.ఎస్.' అన్న అక్షరాలు చూసి సైనికులు 'అంకుల్ శామ్ పంపాడు' అని నవ్వుకున్నారట. అమెరికా ప్రభుత్వానికి 'అంకుల్ శామ్' అన్న ముద్దుపేరు అలా వచ్చిందట. ఆ పేరుకి మూలం ఈయనేనని 1961లో అమెరికా కాంగ్రెస్ తీర్మానమే చేసింది కదా మాస్టారూ అంటావు. చేయనీ, నీ 'అట' నువ్వు ఉంచుకో. దగ్గర్లోని బాల్‌స్టన్ స్పాలో పుట్టిన ఆబ్నర్ డబుల్‌డేను చూడు. 1839లో కూపర్స్‌టౌన్‌లో బేస్‌బాల్ కనిపెట్టింది ఆయనేనని దేశమంతా నమ్మింది. ఆ ఏడాది ఆయన వెస్ట్ పాయింట్ సైనిక పాఠశాలలో క్యాడెట్టు. అమెరికా అంతర్యుద్ధం మొదలైన సమ్టర్ కోటలో ఉత్తరాది తరఫున మొదటి ఫిరంగి పేల్చిన మనిషికి ఆ పేరు చాలదూ!

బేస్‌బాల్‌లో నాకు నచ్చింది గెలుపోటముల పట్టిక కాదు, పేరు. ట్రాయ్ పక్క లాన్సింగ్‌బర్గ్ కుర్రాళ్ళని న్యూయార్క్ వాళ్ళు 'హేమేకర్స్' అని వెక్కిరించారు, అంటే గడ్డి కోసుకునేవాళ్ళు. వీళ్ళు ఆ పేరే తగిలించుకుని 1871లో తొలి ప్రొఫెషనల్ సంఘంలో ఆడారు. అందులో మూడో బేస్ దగ్గర నిలబడ్డ ఎస్తెబాన్ బెయాన్ క్యూబా కుర్రాడు. పరాయి ఊళ్ళో ఉండి చదువుకుంటున్న నువ్వు అతని మీద ఇంకో పేజీ రాయకపోతే ఎలా?

జనరల్ జార్జ్ థామస్‌ది కూడా దక్షిణాదిలోని వర్జీనియాయే, నాల్‌లాగే. అంతర్యుద్ధంలో ఉత్తరాది పక్షాన పోరాడాడని అక్కచెల్లెళ్ళు అతని బొమ్మని గోడవైపు తిప్పేశారని చెబుతారు. భార్యది ట్రాయ్. పుట్టింటివాళ్ళు కాదన్న మనిషి అత్తారి ఊళ్ళో, ఓక్‌వుడ్ శ్మశానంలో ఉన్నాడు. విల్సన్ సమాధీ అక్కడే. నీకు కావలసిన తలుపు ఇదేనేమో చూడు.

నా తప్పు ఒకటి చెప్తాను. మా ఊరి నాటక సమాజం మీద నా మొదటి వ్యాసంలో కరపత్రాల మీది పేర్లన్నీ ఎక్కించాను. అచ్చయ్యాక బాబాయి చదివి, "పెట్రోమాక్స్ లైట్లకి రాత్రంతా పంపు కొట్టింది నేనురా, నేనేడీ?" అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను. హోవార్డ్ కంపెనీకి దీపాలు ఎవరు వెలిగించేవారో వెతుకు.

నాల్ రొట్టెకి వెళ్ళిన దుకాణం ఏ వీధిలో ఉండేదో కనుక్కుని, అక్కడినుంచి స్టేట్ స్ట్రీట్ మూల దాకా నడిచి చూడు. ఎన్ని నిమిషాలు పట్టిందో రాసి పంపు. మంచు కరిగాకే వెళ్ళు. కాలు జారితే మీ అమ్మ నన్ను తిడుతుంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు