‘ఆరిపోతున్న దీపం’ కొట్టెయ్, తమ్ముడూ

తమ్ముడూ,

నీ అల్జీమర్స్ వ్యాసం అందింది. భాష బాగుంది, ఎక్కడా నత్తి కొట్టదు. కానీ మొదటి పేరాలోనే “నూనె అయిపోయిన దీపంలా మెదడు మెల్లగా కొడిగడుతుంది” అన్నావు. అక్కడ ఎర్ర గీత పెట్టాను. వాక్యం అందంగానే ఉంది, విషయమే తలకిందులైంది. ఈ జబ్బు తొలి దశలో మెదడులో కొన్ని చోట్ల పని తగ్గదు, పెరుగుతుంది. నీ వ్యాసానికి అసలు సరుకు అదే. దాన్ని తీసుకెళ్లి చివరి పేరాలో ఒక్క ముక్కలో పడేశావు.

ఆ దీపం బొమ్మ మనందరి తలల్లోకి ఎలా వచ్చిందో చూడు. 1901 నవంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో ఆగస్టే డేటర్ అనే 51 ఏళ్ల ఆవిడని ఆలోయిస్ అల్జీమర్ పరీక్షించాడు. పేరేంటి అంటే “ఆగస్టే” అంది. ఇంటిపేరు అడిగితే మళ్లీ “ఆగస్టే”. మీ ఆయన పేరు? “ఆగస్టే అనుకుంటా.” మధ్యాహ్నం భోజనంలో కాలీఫ్లవరూ పంది మాంసమూ తింటూ, ఏం తింటున్నారంటే పాలకూర అని చెప్పింది. ఇదంతా డాక్టరు రాసుకున్న కాగితాల్లో ఉంది. నువ్వేమో “మతి చెదిరిన ఒక అభాగ్యురాలు” అని తేల్చేశావు. అభాగ్యురాలిని తీసేసి ఆ పాలకూరని పెట్టు, చాలు.

ఆవిడ 1906లో పోయాకే అల్జీమర్ ఆ మెదడుని మైక్రోస్కోపు కింద చూడగలిగాడు. కణాల బయట పేరుకున్న మచ్చలు, లోపల చిక్కుపడ్డ పోగులు కనిపించాయి. మచ్చలు అమైలాయిడ్ అనే ప్రోటీన్‌వి, పోగులు టౌ అనే ఇంకో ప్రోటీన్‌వి అని చాలా తర్వాత తెలిసింది. అంటే లోకం ఈ జబ్బుని మొదట చూసింది అది పని ముగించి వెళ్లిపోయాక. చనిపోయిన మెదడులో ఏ కణం ఎంత పని చేసేదో కనిపించదు కదా. అది చూడాలంటే బతికున్న మెదడులోకి చూసే పరికరాలు రావాలి.

2008లో మ్యూనిక్ పరిశోధకులు అమైలాయిడ్ పేరుకునేలా జన్యువులు మార్చిన ఎలుకల్లో, బతికున్న మెదడులోనే న్యూరాన్లని, అంటే మెదడు కణాలని, గమనించారు. 29 శాతం కణాలు మందగించాయి. అది ఎవరైనా ఊహించేదే. కానీ 21 శాతం మామూలు కంటే ఎక్కువగా చెలరేగిపోతున్నాయి, అవీ సరిగ్గా అమైలాయిడ్ మచ్చల పక్కన ఉన్నవే. చుట్టుపక్కల కణాలని అదుపులో పెట్టే సంకేతాలు సడలడం దీనికి కారణంగా కనిపించింది. ఇది రాసేటప్పుడు “ఎలుకల్లో” అన్న మాట గట్టిగా పట్టుకో. చోటు చాలకపోతే పేపరు డెస్కులో ముందు ఎగిరిపోయేది అదే.

మనుషుల సంగతికి దక్షిణ అమెరికాలోని కొలంబియా వెళ్లాలి. అక్కడ ఆంటియోకియా ప్రాంతంలో ఒక పెద్ద వంశంలో ప్రెసెనిలిన్-1 అనే జన్యువులో ఒక్క మార్పు తరతరాలుగా దిగుతోంది. అది వచ్చినవాళ్లకి దాదాపు 44 ఏళ్లకి మతిమరుపు మొదలవుతుంది, 49 దగ్గరికొచ్చేసరికి డిమెన్షియా, అంటే రోజువారీ పనులు కూడా చేసుకోలేనంతగా మతి తగ్గడం. 2024లో కన్నుమూసిన డాక్టర్ ఫ్రాన్సిస్కో లోపెరా దశాబ్దాల పాటు వాళ్లని వెన్నంటి ఉన్నాడు. ఆ వంశంలో 18 నుంచి 26 ఏళ్ల వాళ్లకి ముఖాలూ పేర్లూ జతగా చూపించి, గుర్తుపెట్టుకోమని, మెదడులో ఏ భాగం ఎంత పనిచేస్తోందో చూపే ఫంక్షనల్ ఎమ్మారై తీశారు. 2012లో ఫలితాలు వచ్చాయి. జ్ఞాపకశక్తి పరీక్షల్లో అందరూ మామూలుగానే ఉన్నారు. కానీ జన్యు మార్పు ఉన్నవాళ్లలో జ్ఞాపకాలని నమోదు చేసే హిప్పోకాంపస్ అనే భాగం ఎక్కువగా పనిచేస్తోంది. బయటి పని మీద మనసు పెట్టినప్పుడు తగ్గాల్సిన ప్రిక్యూనియస్ అనే భాగం సరిగ్గా తగ్గట్లేదు. జబ్బు బయటపడటానికి ఇరవై ఏళ్ల ముందు సంగతి ఇది! వ్యాసం ఇక్కడ మొదలెట్టు.

ఇక్కడే నీకు ఇంకో తేలిక వాక్యం తడుతుంది: “పాపం మెదడు, లోటు పూడ్చుకోవడానికి అదనంగా కష్టపడుతోంది.” చాలామంది శాస్త్రవేత్తలూ అలాగే అనుకున్నారు. అది నిజమైతే ఆ అదనపు పనిని తగ్గిస్తే జ్ఞాపకం ఇంకా దిగజారాలి. 2012లోనే జాన్స్ హాప్కిన్స్‌లో మిషెలా గాలగర్ బృందం తొలి దశ మతిమరుపు ఉన్నవాళ్లకి ఫిట్స్‌కి వాడే లెవెటిరాసెటామ్‌ని తక్కువ మోతాదులో రెండు వారాలు ఇచ్చి చూసింది. హిప్పోకాంపస్ హడావుడి తగ్గింది, జ్ఞాపకశక్తి పరీక్షలో వాళ్లు మెరుగయ్యారు. అంటే ఆ అదనపు పని కనీసం కొంతవరకు సాయం కాదు, అడ్డు. దీనికి తోడు, న్యూరాన్లు ఒకదానికొకటి సంకేతాలు పంపుకునే సైనాప్సులు ఎంత ఎక్కువ పనిచేస్తే అమైలాయిడ్ అంత ఎక్కువ విడుదలవుతుందని సెయింట్ లూయిస్‌లో ఎలుకల మీద 2005లోనే చూపించారు. అమైలాయిడ్ వల్ల కణాలు రెచ్చిపోవడం, రెచ్చిపోయినకొద్దీ ఇంకా అమైలాయిడ్. ఈ చక్రం పాఠకుడికి అర్థమైతే నీ వ్యాసం గెలిచినట్టే.

అయితే ఆ లెవెటిరాసెటామ్ మాత్ర మన మెడికల్ షాపుల్లో దొరికేదే. నీ వ్యాసం చదివి ఎవరో ఒకరు నాన్నకి తెచ్చి వేస్తారు. మగత, చిరాకు, కోపం దాని దుష్ప్రభావాల్లో ఉన్నాయి. రెండు వారాల చిన్న ప్రయోగం చికిత్స కాదని ఆ పేరాలోనే, అదే సైజు అక్షరాల్లో రాయి. కింద బాక్సులో వేస్తే ఎవరూ చదవరు.

తర్వాతి దశల్లో పని నిజంగానే తగ్గుతుంది. పెట్ స్కాన్‌లో మెదడుకి ఇంధనమైన గ్లూకోజ్ వాడకం పడిపోవడం కనిపిస్తుంది. దీని మీద నువ్వు రాసింది సరిగ్గానే ఉంది, ముట్టుకోకు.

“తాళాలు మర్చిపోతున్నారా? జాగ్రత్త!” అన్న ఉపశీర్షిక మాత్రం తీసెయ్. అరవై దాటిన ప్రతివాళ్లకీ టెన్షన్ పెట్టడం తప్ప దాని వల్ల ఒరిగేది లేదు. మెదడులో అమైలాయిడ్ ఉండి కూడా మామూలుగా బతికేసే పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. మతిమరుపుకి బీ12 లోపం, థైరాయిడ్, డిప్రెషన్ కూడా కారణాలే, వాటికి మందులున్నాయి. డాక్టర్ దగ్గరికి వెళ్లమనడానికి భయం కంటే ఇది మంచి కారణం.

ఒకటి చేర్చమంటాను. హైదరాబాద్ నిమ్స్‌లో న్యూరాలజిస్ట్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల్ని చూసి 2013లో ప్రచురించింది. ఒకే భాష మాట్లాడేవాళ్ల కంటే రెండు, అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లకి లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి, చదువు లేనివాళ్లలో కూడా. మన పాఠకులు దీన్ని వదలరు. డెస్కు వాళ్లు “రెండు భాషలొస్తే అల్జీమర్స్ రాదు” అని హెడ్డింగ్ పెడతామంటారు. ఒప్పుకోకు. ఆ 648 మందికీ డిమెన్షియా వచ్చింది. కొందరికి ఆలస్యంగా వచ్చింది, అంతే.

మిగతా సవరణలు పక్కన పెన్సిల్‌తో రాశాను. మార్చాక ఇంకోసారి పంపు.

అన్నయ్య