వాషింగ్ మెషీన్‌కు ఒక్క చన్నీళ్ల పైపే ఎందుకు?

తిరుపతిలో కొత్తగా ఫ్రంట్ లోడ్ మెషీన్ కొన్నామని, దానికి వేడినీళ్ల పైపే లేదని, 40 డిగ్రీలు పెడితే రెండు గంటలకు పైగా తిరుగుతోందని అడిగారు. టెన్షన్ పడకండి, అది లోపం కాదు.

ఈ మెషీన్ చన్నీళ్లే తీసుకుని, డ్రమ్ము కింద ఉన్న హీటర్‌తో తనే కాచుకుంటుంది. అందుకే అంత టైమ్. తీసుకునే నీళ్లు కూడా తక్కువే. వేడినీళ్ల పైపు ఉన్నా, గీజర్ నుంచి వేడి వచ్చేలోపు పైపులో నిలవున్న చన్నీళ్లతోనే చాలావరకు నిండిపోతుంది. నీళ్లు మెల్లగా వేడెక్కడం బట్టలకూ మంచిదే. మా పాప స్కూలు చొక్కా మీద పాలు ఒలికితే బకెట్లో సలసల కాగే నీళ్లు పోశాను, ఆ మరక ఇక వదల్లేదు. పాలు, గుడ్డు, రక్తం మరకలకు ముందు చన్నీళ్లే తగలాలి.

గీజర్ పైపు మాత్రం దీనికి తగిలించకండి, రబ్బరు పైపు, వాల్వు పాడవ్వచ్చు. రోజువారీ బట్టలకు 30 డిగ్రీలు చాలు. మే నెలలో మన మిద్దె మీది ట్యాంకు నీళ్లే అంత వేడిగా ఉంటాయి. దుప్పట్లు, తువ్వాళ్లకు 60 పెట్టండి.

మీది బోరు నీళ్లయితే కొళాయి మూతికి పేరుకునే తెల్లటి ఉప్పే హీటర్‌కూ పడుతుంది. అప్పుడప్పుడు ఆ ఉప్పును కరిగించే డీస్కేలింగ్ పౌడర్ వేసి, బట్టలు లేకుండా ఖాళీగా తిప్పండి.