సూదిలో దారం ఎక్కించే వయసు

చిత్తూరు,
ఆదివారం సందకాడ

పాపా,

నువ్వు పెట్టిన మూడు వాయిస్ మెసేజ్‌లూ విన్నాను. ఫోన్లో చెప్తే సగం మరిచిపోతాను, అందుకే కూర్చొని రాస్తున్నా. తిరపతిలో సిస్టర్లు నడిపే కాథలిక్ బడిలో టీచరుగా చేరి నెల కాలేదు, అప్పుడే సేవా కార్యక్రమాలన్నీ నీ నెత్తిన పెట్టినారని, వచ్చే సోమవారానికల్లా ఏడాది ప్లాను కావాలని సిస్టర్ అడిగినారని కంగారు పడతా ఉండావు. పైగా "నేను క్రిస్టియన్ కాదు గదా పెద్దమ్మా, నాకెందుకు ఇచ్చినారు" అని.

నేనూ కాదు. ముప్పై ఒక్క ఏండ్లు సిస్టర్ల బడిలో చెప్పినాను, అందులో పద్దెనిమిదేండ్లు ఈ పని నా దగ్గరే ఉండింది. పొద్దున సుప్రభాతం వింటా వంట చేసి, ఎనిమిదిన్నరకు పోయి పిలకాయలను ప్రార్థనకు వరసలో నిలబెట్టేదాన్ని. నీ క్లాసులో కూడా ముక్కాలు మంది హిందువుల బిడ్డలో తురకల బిడ్డలో అయి ఉంటారు. గుర్తింపు ఉన్న ఏ బడిలోనైనా, ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటే తప్ప బిడ్డను మతబోధకో ఆరాధనకో కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణంలోనే ఉంది. కాబట్టి సేవ అనేదాన్ని ప్రార్థనతో ముడివెయ్యకుండా విడిగా పెట్టుకో. బయటికి పోయినప్పుడు కరపత్రాలు, పాటల పుస్తకాలు ఏవీ మన సంచుల్లో ఉండకూడదు. ఈ మాట మొదటి దినమే సిస్టర్‌తో నేరుగా మాట్లాడు. నాకు తెలిసిన సిస్టర్లెవరూ దీనికి కాదనలేదు.

కానీ వాళ్ల సంగతులు రొంత తెలుసుకో. విచారణలో, అంటే వాళ్ల చర్చి పరిధిలో, విన్సెంట్ డి పాల్ సభ ఉందేమో కనుక్కో. 1833లో పారిస్‌లో ఓజనామ్ అనే కాలేజీ కుర్రోడు, ఇరవై ఏండ్ల వాడు, స్నేహితులతో కలిసి మొదలుపెట్టింది అది. వాళ్ల పద్ధతి నాకు బాగా నచ్చుతుంది. ఇద్దరిద్దరు కలిసి బీదోళ్ల ఇంటికి పోతారు, కూర్చుంటారు, మాట్లాడతారు. ఏం కావాలో ఆ ఇంట్లోనే తెలుస్తుంది. మీ వీధుల్లో ఎవరింట్లో పొయ్యి వెలగలేదో ఆ సభలో ఉండే పెద్దాయనకు తెలిసినంత మనకు తెలీదు.

ఏం కావాలో అడక్కుండానే చేసి, నేను రెండు తూర్లు బాగా దెబ్బ తిన్నాను. అవి చెప్తా విను.

మూడో తరగతి పిలకాయలను నలభై మందిని ఒక వృద్ధాశ్రమానికి పిలుచుకొని పోయినాను. ఆపిల్ పండ్లు, క్రీము బిస్కెట్లు, రెండు పాటలు, ఒక డాన్సు. అంతా అయినాక వరండాలో చివరి మంచం మీదుండే అవ్వ నా చెయ్యి పట్టుకొని, "పండ్లు తెచ్చినావు సరే తల్లీ, నమిలేదానికి నాకు పండ్లు యాడుండాయి?" అనింది. నవ్వుతానే అనింది. నాకు మాత్రం తల యాడ పెట్టుకోవాలో తెలీలేదు. మరి నీకేం కావాలవ్వా అంటే, దిండు కింద నుంచి బిస్కెట్ డబ్బా ఒకటి తీసింది. అందులో హుక్కులు, బొత్తాలు, ఒక దారపుండ, తుప్పు పట్టిన సూది. "కండ్లు కానరావు. దీంట్లో దారం ఎక్కించిస్తే రవికె కుట్టుకుంటా" అనింది. పక్కనున్న ఎనిమిదేండ్ల పిల్ల దారం కొసను నాలికతో తడిపి, వేళ్లతో మొన చేసి, ఒక్క పట్టున ఎక్కించేసింది. అవ్వ దాని మొహం చూసి, "ఇంకోటి ఎక్కిస్తావా" అనింది.

ఆ తర్వాత మాకు అదే కార్యక్రమం. నెలకొక తూరి పోయేది, ఒక్కో అవ్వకు ఆరు సూదులు ఎక్కించి, గుడ్డపేలికకు వరసగా గుచ్చి పెట్టి వచ్చేది. నెలకు సరిపోయేవి. పండ్లంటే మాగిన అరటిపండ్లే. ఎప్పుడూ అదే ఆశ్రమం, అవే మంచాలు. ఏడాది తిరిగేసరికి ఏ అవ్వకు కొడుకు ఫోను చేస్తాడో, ఏ తాతకు చెవుడో పిలకాయలకే తెలిసిపోయింది. ప్లానులో పన్నెండు నెలలకు పన్నెండు చోట్లు రాయొద్దు. ఒక్క చోటు రాయి.

రెండోది 2021 నవంబరు వానల్లో. తిరపతి వీధుల్లో కార్లు కొట్టుకొని పోయినాయి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింద పల్లెలను ఖాళీ చేయించినారు, నీకు గుర్తుండే ఉంటుంది. నేను ఆవేశపడి బడిలో గుడ్డలు పోగెయ్యమన్నాను. రెండు దినాల్లో పదకొండు మూటలు వచ్చినాయి. విప్పితే ఒంటికాలి చెప్పులు, జిప్పు పోయిన ప్యాంట్లు, ఒక పెండ్లికోటు! రాత్రి తొమ్మిది దాకా వేరుచేసి, సగానికి పైగా పారేసినాం. ఆటో బాడుగ నా చేతిది. ఆ ఆటో ఆయన మా నాలుగో తరగతి పిల్లోడి నాయనే. "మేడం, గుడ్డలు అందరూ ఇస్తానే ఉండారు. ఆడోళ్లు పరకలు, బ్లీచింగ్ పౌడరు అడగతా ఉండారు. పిలకాయలు పుస్తకాలు తడిసిపోయినాయని ఏడస్తా ఉండారు" అన్నాడు. అప్పుడు మా ఐదో తరగతి వాళ్లను కూర్చోబెట్టి లెక్కలు, ఈవీఎస్ నోట్సులు మళ్లీ రాయించినాను. కోడి కెలికినట్టు రాసేవాడొకడు ఉండినాడు. ఎవరో చదువుతారు అనేసరికి ఆ వారమంతా ముత్యాల్లా రాసినాడు. మరుసటి వారం మళ్లీ కోడే.

ఫోటోల గురించి గట్టిగా చెప్తున్నా. ఒక ఏడు వార్షికోత్సవంలో, మా బడి బిడ్డకే స్టేజీ మీద యూనిఫాం గుడ్డ ఇచ్చి, దాత పక్కన నిలబెట్టి ఫోటో తీసినారు. ఏర్పాటు నాదే. మరుసటి దినం ఆ పిల్ల బడికి రాలేదు. వాళ్లమ్మ వచ్చి, మడత కూడా విప్పని గుడ్డను నా బల్ల మీద పెట్టి, ఒక్క మాట మాట్లాడకుండా పోయింది. కుడిచేత్తో ఇచ్చేది ఎడమచేతికి తెలియకూడదని సిస్టర్లు చదివే పుస్తకంలోనే ఉంది గదా. ఇచ్చేది క్లాసు టీచరు చేత, బడి వదిలినాక, సంచిలో పెట్టి ఇప్పించు. దాతకు ఫోటో కావాలంటే గుడ్డల కట్టను ఫోటో తీసి పంపు. కోపం తెచ్చుకుంటే తెచ్చుకోనీ.

తపస్కాలం వస్తుంది. విభూతి బుధవారం నుంచి ఈస్టరు దాకా, ఆదివారాలు తీసేస్తే నలభై దినాలు. ప్రార్థన, ఉపవాసం, దానం, ఈ మూడూ కాథలిక్కులకు ముఖ్యం. ఈ మధ్య ఏండ్లలో రంజాన్ నెల కూడా దగ్గరగానే పడతా ఉంది కాబట్టి తురకల బిడ్డలకూ ఇది కొత్తగా ఉండదు. డబ్బుల హుండీ పెట్టొద్దు, ఎవరెంత వేసినారని పోటీ మొదలవుతుంది. శుక్రవారం శుక్రవారం పిడికెడు బియ్యం తెమ్మను. పిడికిలి వాళ్లదే అయి ఉండాలి, అమ్మది కాదు. మా బడిలో తూకం వేస్తే ఒక్కో శుక్రవారం పది పన్నెండు కిలోలు వచ్చేవి.

ఇక్కడొక చిక్కుంది. ఒకరు రేషను స్టోరు బియ్యం తెస్తారు, ఒకరు సోనామసూరి, ఇంకొకరు ఉప్పుడు బియ్యం. అన్నీ కలిపి వండితే కొన్ని గంజయిపోతాయి, కొన్ని పలుకుగా ఉంటాయి. వేరువేరు డబ్బాలు పెడదామా అంటే స్టోరు బియ్యం ఎవరిదో అందరికీ తెలిసిపోతుంది. నేను ఒక్క డ్రమ్మే పెట్టి, బియ్యాన్ని మిల్లులో పిండి ఆడించి ఇచ్చేదాన్ని. పిండిలో ఎవరి బియ్యమని ఎవరు చెప్తారు?

అమెరికాలో కాథలిక్ బడుల్లో సేవకు గంటల లెక్క ఉంటుందని మీ సిస్టర్ చెప్పినారన్నావు. నిజమే. పై తరగతుల పిలకాయలకు కార్డులు పెట్టే బడులుండాయి, తల్లిదండ్రులు ఏడాదికి ఇన్ని గంటలు బడికి పని చెయ్యాలనేవీ ఉండాయి. జనవరి ఆఖరులో వాళ్లకు కాథలిక్ బడుల వారమని ఒకటుంది, 1974 నుంచి చేస్తా ఉండారు, అందులో ఒక దినం సేవకే. మంచిదే. కానీ ఏడేండ్ల బిడ్డకు కార్డు ఇస్తే కార్డు నింపేదానికే చేస్తాడు. మన అమ్మానాయనలను గంటలు అడిగితే కూలి పోతుంది. మామిడి కాయల కాలంలో గుజ్జు ఫ్యాక్టరీకి పోయే తల్లిని ఒక పూట రమ్మంటే ఆ పూట కూలి ఎవరిస్తారు? గంటలు అడక్కుండా, ఏ పని వచ్చో అడుగు. అడ్మిషన్ ఫారాల్లో నాయన వృత్తి రాసుంటుంది, అవన్నీ ఒక పూట తిరగెయ్యి. టైలరు, కరెంటు పని చేసేవాడు, పూలంగడి ఆమె, ఆటో ఆయన, అందరూ దొరుకుతారు. నాకు అందరికంటే అక్కరకు వచ్చింది ఆటో ఆయనే.

మిగతావి నీకు తెలిసినవే. పది మంది బిడ్డలకు ఒక పెద్ద, ఇంట్లోవాళ్ల సంతకం తెలుగులో రాసిన కాగితం మీద, ఆటోలో కుక్కొద్దు, మధ్యాహ్నం భోజనానికి ముందే వెనక్కి రావాలి. ఐదో తరగతి లోపు వాళ్లను రుయా ఆసుపత్రికి మాత్రం పిలుచుకొని పోవద్దు, ఎవరు చెప్పినా సరే. ఎక్కడన్నా ఏ బిడ్డ ఒంటి మీదైనా దెబ్బలు కనిపిస్తే నువ్వే పంచాయితీ చెయ్యొద్దు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోను చెయ్యి.

మొదలుపెట్టేదానికి సెప్టెంబరు 5 మంచి దినం. టీచర్స్ డే అని అందరికీ తెలుసు. 1997లో మదర్ తెరెసా పోయిందీ ఆ దినమే, ఆమె కూడా ముందు కలకత్తాలో టీచరే. ఇంకో సంగతి సిస్టర్‌కు చెప్పు, సంతోషపడతారు. రాధాకృష్ణన్ చిన్నప్పుడు మీ తిరపతిలోనే, లూథరన్ మిషన్ బడిలో చదువుకున్నాడు. కాథలిక్ బడి కాదులే, అయినా నీ ప్రశ్నకు రొంత జవాబు అందులో ఉంది.

సోమవారం ఇచ్చే ప్లానులో ఈ మూడే రాయి: ఒక ఆశ్రమం, తపస్కాలంలో బియ్యం, ఆపద వచ్చినప్పుడు చేసేదానికి ఖాళీగా వదిలిన ఒక నెల. కాగితం చిన్నగా ఉందంటే నా పేరు చెప్పు.

సూదులు ఎత్తుకొని పోయేటప్పుడు లెక్క పెట్టి ఎత్తుకొని పో, వచ్చేటప్పుడు మిగిలినవి మళ్లీ లెక్క పెట్టు. ఒకటి తగ్గితే మంచాల కింద వెతికినాకే బయలుదేరు. దారం నల్లదీ తెల్లదీ రెండూ కొను. మొదటి తూరి నేను నల్లదే ఎత్తుకొని పోయినాను, ఆడ అవ్వలందరివీ తెల్ల రవికెలే.

మీ పెద్దమ్మ