కటింగ్‌కి టిప్పు ఎంత? సెలూన్ వాళ్ళబ్బాయి లెక్క

ప్రశ్న: అమెరికా వచ్చి ఆరు నెలలైంది. మొన్న 45 డాలర్ల హెయిర్‌కట్‌కి 5 డాలర్లు టిప్పిచ్చాను. ఆ అమ్మాయి మొహం అదోలా పెట్టింది. తక్కువిచ్చానా? ఎంత ఇవ్వాలి? ఇండియా వెళ్ళినప్పుడు మా వీధి సెలూన్‌లో కూడా ఇవ్వాలా?

జవాబు:

తక్కువే ఇచ్చారండీ. 20 శాతం లెక్కన 9 ఇవ్వాల్సింది. 15 శాతం కూడా నడుస్తుంది గానీ, ఈమధ్య అది పాస్ మార్కుల కింద లెక్క. అంకె ఒక్కటే కావాలంటే ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు. ఇండియా సంగతి కూడా అడిగారు కాబట్టి నేను కాస్త పెద్దగానే రాస్తాను. నాకిది ఇంటి విషయం. మా నాన్నది తెనాలిలో సెలూన్. పదో తరగతి దాకా బడి వదలగానే షాపుకెళ్ళి కింద పడ్డ జుట్టు ఊడ్చేవాణ్ణి. ఇప్పుడు డాలస్ పక్కన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కుర్చీ వెనకా నిలబడ్డాను, కుర్చీలోనూ కూర్చున్నాను.

కొత్తల్లో నేను చేసింది మీకంటే ఘోరం. 16 డాలర్ల కటింగ్. కార్డు గీకి, టిప్పు గడిలో సున్నా వేసి, సంతకం పెట్టి, థాంక్యూ చెప్పి వచ్చేశాను. బోర్డు మీద ధర రాసుంది, అన్నీ అందులోనే ఉంటాయి అనుకున్నా. తర్వాతి నెల వెళ్తే అదే ఆవిడ. ఏమీ అనలేదు. నవ్వుతూనే కటింగ్ చేసింది. మెడ మీద వెంట్రుకలు మాత్రం దులపలేదు. ఆ రోజంతా ఆఫీసులో కాలర్ గోక్కుంటూ కూర్చుంటే, పక్క సీటాయన విషయం కనుక్కుని పగలబడి నవ్వాడు.

అమెరికాలో టిప్పు ఎందుకంత గట్టి ఆనవాయితీ అయిందో తెలిస్తే ఇవ్వడానికి చెయ్యి వెనకాడదు. ఈ దేశంలో టిప్పులొచ్చే పనుల్లో ఉన్నవాళ్ళకి యజమాని గంటకి 2.13 డాలర్లే జీతమిచ్చి, మిగతాది టిప్పుల్లో వస్తోందని చూపించొచ్చు. ఈ 2.13 అనే అంకె 1991 నుంచి కదల్లేదు. టిప్పులు కలిపినా గంటకి కనీస వేతనం 7.25 రాకపోతే ఆ తేడా యజమాని పూడ్చాలి. టెక్సాస్‌లో ఇదే పద్ధతి, కాలిఫోర్నియాలో మాత్రం కుదరదు. ఇది ఎక్కువగా రెస్టారెంట్ సర్వర్ల గొడవే. సెలూన్లలో వేరే రెండు పద్ధతులు ఎక్కువ కనిపిస్తాయి. ఒకటి కమిషన్, అంటే మీ బిల్లులో కొంత భాగం స్టయిలిస్టుకి, మిగతాది షాపుకి. రెండోది సీటు అద్దె, అంటే స్టయిలిస్టే షాపుకి కుర్చీ అద్దె కట్టి, బిల్లు డబ్బులు తనే ఉంచుకోవడం. దీని మీదకి నా దృష్టి మళ్ళించింది అమెరికా వాళ్ళు కాదు, మా నాన్న.

నాన్న ఇక్కడికి వచ్చినప్పుడు ఒక శనివారం నాతోపాటు కటింగ్‌కి తీసుకెళ్ళాను. తను చేయించుకోలేదు, వేరే చేతికి తల అప్పగించడం ఆయనకి ఇష్టముండదు. వెనక బెంచీ మీద కూర్చుని ఆ అమ్మాయి చేతులే చూస్తున్నాడు. అద్దంలో నాకు కనిపిస్తూనే ఉంది. ఆమె దువ్వెన మీద కత్తెర ఆడిస్తుంటే ఇక్కడ ఈయన వేళ్ళు కూడా కదులుతున్నాయి. అయిపోయాక నేను 28కి 6 కలిపి ఇస్తుంటే, కారెక్కే దాకా ఆగి ఒకే ప్రశ్న అడిగాడు.

"సీటు అద్దె ఎంతంటరా?"

రెండేళ్ళుగా వెళ్తున్నా నాకు తెలీదు. తర్వాతిసారి అడిగి తెలుసుకున్నా. వారానికి 220 డాలర్లు. ఒంట్లో బాగోక రాకపోయినా కట్టాల్సిందే. కత్తెరలూ, మిషన్లూ, షాంపూ, రంగులూ అన్నీ తనవే. 28 చొప్పున వారంలో మొదటి ఎనిమిది తలలు అద్దెకే పోతాయి. తొమ్మిదో తల నుంచి తన సంపాదన మొదలు. పైగా లైసెన్సు లేకుండా ఈ పని చెయ్యకూడదు, టెక్సాస్‌లో దానికి 1,000 గంటల శిక్షణ కావాలి. ఫోన్లో నాన్నకి చెప్తే, "ఇక్కడ సగం సగం, అక్కడ అద్దె. ఏదైనా ఒకటే" అన్నాడు. తెనాలిలో రెండో కుర్చీలో పని చేసినవాళ్ళకి ఆయన బిల్లులో సగం ఇచ్చేవాడు.

ఇక అమెరికా లెక్కలు. బిల్లు మీద 20 శాతం. కూపన్ ఉంటే అసలు ధర మీద లెక్కెయ్యండి, డిస్కౌంట్ ఇచ్చింది షాపు, చేతిపని తగ్గలేదు. అక్కడే షాంపూ, జెల్ కొంటే వాటి మీద టిప్పు అక్కర్లేదు. తల కడిగేది వేరే మనిషైతే ఆ మనిషికి విడిగా మూడో ఐదో. షాపు ఓనరే కటింగ్ చేస్తే టిప్పు అక్కర్లేదని పాత పద్ధతి. నేనైతే ఇస్తాను. చిన్నపిల్లల కటింగ్‌కి శాతాలు చూడొద్దు. మా వాడిది 18 డాలర్లు, నేను 6 ఇస్తాను, ఎందుకంటే వాడు కూర్చోడు, ఏడుస్తాడు, ఒకసారి ఆ అమ్మాయి వేలు కొరికాడు. కటింగ్ బాగా రాకపోతే టిప్పు కొయ్యకుండా ముందు నోటితో చెప్పండి. చాలామంది అక్కడికక్కడే సరిచేస్తారు. క్రిస్మస్ ముందు మీ మనిషికి ఒక కటింగ్ డబ్బులంత అదనంగా ఇవ్వడం కూడా ఉంది, దాని గురించి కింద చెప్తా.

కౌంటర్ దగ్గర ట్యాబ్ మీ వైపు తిప్పి 18, 20, 25 అని మూడు గళ్ళు చూపిస్తే టెన్షన్ పడకండి. ఎంతివ్వాలో మీరే వేసుకునే గడి కింద చిన్నగా ఉంటుంది. నగదు ఇవ్వగలిగితే ఇంకా మంచిది, కార్డు మీద ఇచ్చింది వాళ్ళ చేతికి రావడానికి కొన్నిచోట్ల రోజులు పడుతుంది. నగదిస్తే పన్ను ఎగ్గొట్టడానికేనని కొందరంటారు. 2025లో వచ్చిన చట్టంతో 2028 దాకా ఏడాదికి 25,000 డాలర్ల టిప్పుల వరకూ ఫెడరల్ ఆదాయపు పన్నులో మినహాయింపు ఉంది కాబట్టి, మామూలు స్టయిలిస్టుల విషయంలో ఆ వాదనకి ఇప్పుడు పెద్దగా పస లేదు.

ఇప్పుడు మన ఊరు.

టిప్పు మన పద్ధతి కాదు, ఫారిన్ నుంచి వచ్చిన జబ్బు అని ఇదే ప్రశ్నకి ఎవరో ఒకరు రాస్తారని తెలుసు. ఫారిన్ నుంచి వచ్చింది ఆ పేరొక్కటే. మా తాతకి కటింగ్‌కి డబ్బులే ఇచ్చేవాళ్ళు కాదు. కోతలయ్యాక కళ్ళం దగ్గర ఇంటికింతని వడ్లు కొలిచేవాళ్ళు, దాన్ని మేర అంటారు. దానికి బదులు ఏడాది పొడవునా ఆ ఇంట్లో ఎన్ని తలలుంటే అన్నీ, ఎన్ని గడ్డాలుంటే అన్నీ. పెళ్ళికి సన్నాయి తాతది, పురుడొస్తే మంత్రసాని మా నాయనమ్మ. మేర అనేది ఒప్పుకున్న కూలి. దాని మీద మంచికి ఇచ్చేది వేరే. పుట్టు వెంట్రుకలు తీస్తే పంచె, బియ్యం, కొబ్బరికాయ, నూటపదహార్లు. సంక్రాంతికి పండగ మామూలు. డిసెంబర్లో అమెరికా వాళ్ళు ఇచ్చేదీ అదే, కోతల మీద కాకుండా క్రిస్మస్ మీద ఇస్తారంతే.

నాన్న ఊరొదిలి తెనాలిలో షాపు పెట్టాక అంతా నగదే అయింది. నా చిన్నప్పుడు కటింగ్ 15 రూపాయలు. ఇరవై ఇచ్చి "ఉంచుకోరా" అని విసిరేసినట్టు మాట్లాడే ఒక వడ్డీ వ్యాపారి వచ్చేవాడు. నాన్న కంటే పదేళ్ళు చిన్న. నాన్న ప్రతిసారీ ఐదు రూపాయల బిళ్ళ వెనక్కిచ్చేసేవాడు, "చిల్లరుందండీ" అంటూ. నాకప్పుడు అర్థమయ్యేది కాదు, ఐదు రూపాయలంటే రెండు గోళీసోడాలు.

ఇంకొకాయన హైస్కూల్ లెక్కల మాస్టారు. ఆదివారం పొద్దున్నే వచ్చేవారు. నాన్నకి పదిహేనూ లెక్కగా చేతికిచ్చి, లేచి అద్దం ముందు మీసం చూసుకుంటున్నట్టు నిలబడి, పౌడర్ డబ్బా ఎత్తి కింద రెండు రూపాయల బిళ్ళ పెట్టి వెళ్ళేవారు. అది ఊడ్చే కుర్రాడికి, అంటే నాకు. నాన్న చూసీ చూడనట్టు పేపర్ తిరగేసేవాడు. ఆ బిళ్ళకి పౌడర్ అంటుకుని ఉండేది. ఎనిమిదో తరగతిలో జామెట్రీ బాక్స్ వాటితోనే కొనుక్కున్నా. నన్నడిగితే, టిప్పు ఇవ్వడం ఆయన దగ్గర నేర్చుకోవాలి. ఎంత అన్నది తర్వాత సంగతి.

ఇప్పటి పరిస్థితి చెప్పాలంటే, మా పెదనాన్న కొడుకు హైదరాబాదులో ఒక పెద్ద ఏసీ సెలూన్‌లో చేస్తున్నాడు. పేరు రాయను, ఉద్యోగం వాడిది. నెల జీతం, దానిపైన టార్గెట్. తన చేతి మీద జీతానికి నాలుగైదు రెట్ల బిల్లు పడితేనే ఇన్సెంటివ్. అందుకే మీకు కుర్చీలో కూర్చోగానే "సార్, డాండ్రఫ్ ఉంది, స్పా చేయించుకోండి" అని మొదలుపెడతారు. చిరాకు పడకండి, వద్దని నవ్వుతూ చెప్పండి చాలు. వాడు చెప్పిన ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. కౌంటర్ దగ్గరి క్యూఆర్ కోడ్ షాపుది. 500 బిల్లుకి మీరు 550 కొట్టి "ఆ యాభై ఆ అబ్బాయికి" అని చెప్పి వెళ్ళిపోతే, ఆ యాభై ఆ అబ్బాయికి చేరొచ్చు, చేరకపోవచ్చు. వాడి షాపులో నెలాఖరున కలిపిస్తామన్నారు. మూడు నెలలుగా ఆ నెలాఖరు రాలేదు. అందుకని మనిషినే పక్కకి పిలిచి "మీ ఫోన్‌పే నంబర్ చెప్పండి" అనండి, లేదా నోటు చేతిలో పెట్టండి.

ఎంత అంటే, ఇండియాలో శాతాలు నప్పవు. వీధి సెలూన్‌లో 120 అయితే 150 ఇచ్చి వదిలెయ్యండి. గడ్డం ఒక్కటే అయితే పది చాలు. అక్కడ చేసేది ఓనరే అయినా తీసుకుంటారు, అమెరికాలాగా పట్టింపుల్లేవు. ఏసీ సెలూన్‌లో నాలుగైదొందల కటింగ్‌కి 50. మూడు నాలుగు గంటలు నిలబడి రంగో కెరటినో చేస్తే 200 నుంచి 300, తల కడిగి తువ్వాలు చుట్టిన హెల్పర్‌కి విడిగా 50. హెల్పర్‌ని అందరూ మర్చిపోతారు. ఆడవాళ్ళ పార్లర్లలో ఐబ్రోస్‌కి పదో ఇరవయ్యో ఇస్తామని మా ఆవిడ అంటోంది, నాకంతకు మించి తెలీదు. ఇంటికొచ్చి చేసేవాళ్ళకి మంచినీళ్ళు, ఫ్యాను, వంద రూపాయలు. లిఫ్టు లేని మూడో అంతస్తుకి ఆ బ్యాగు మోసుకొచ్చారని గుర్తుంచుకోండి.

పుట్టు వెంట్రుకలకి ఇంటికి పిలిస్తే నూటపదహార్లు ఈ రోజుల్లో పెట్రోలుకే సరిపోతాయి, ఐదొందల పదహార్లు ఇస్తే గౌరవంగా ఉంటుంది. తిరుమల కల్యాణకట్ట సంగతి వేరు. అక్కడ తలనీలాలు తీయడం ఉచితం, డబ్బులివ్వొద్దని దేవస్థానమే చెప్తుంది. ఇవ్వకండి. అది మీ మొక్కు.

ఇంకో చిన్న సంగతి. మీరు ఇండియా వెళ్ళేది మంగళవారమైతే సెలూన్ కోసం తిరగకండి, చాలాచోట్ల మూసేసి ఉంటాయి. అమెరికాలో చాలా షాపులకి సోమవారం సెలవు. దీని గురించి నాన్నకీ నాకు కటింగ్ చేసే అమ్మాయికీ మధ్యలో నేను అనువాదం చేస్తుంటే ఇద్దరూ తెగ నవ్వుకున్నారు, ఎందుకో నాకు పూర్తిగా అర్థం కాలేదు.

మీ వీధి సెలూన్‌లో ఇవ్వాలా అన్నారు కదా, ఇవ్వండి. చిన్నప్పటి నుంచి మీకు చేసిన ఆయనే ఇంకా ఉంటే, మొదట "ఏమయ్యా" మానేసి "బాబాయ్" అనండి, తర్వాత నోటు తీయండి. అలా కాకపోతే మా నాన్నలాగా చిల్లర వెనక్కిచ్చేస్తాడు.

మొన్నటి అమ్మాయి విషయానికొస్తే, వేరే షాపు వెతుక్కోనక్కర్లేదు. నేనూ వెతుక్కోలేదు. ఈసారి కూడా ఆమె దగ్గరికే వెళ్ళి, 45కి 13 ఇవ్వండి. పోయినసారి తగ్గిన నాలుగూ అందులో కలిసిపోతాయి. ఏటీఎంలో ఎక్కువగా ఇరవైలే వస్తాయి కాబట్టి ఐదులూ ఒకట్లూ ముందే మార్పించి పెట్టుకోండి.