టైరు మీద తాళం

అమ్మడూ,

ఫోన్లో చెబితే "సరే మావయ్యా, సరే మావయ్యా" అంటూ పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. తీరిక చేసుకుని చదువు.

నువ్వు కారు కొన్నావని మీ అమ్మ చెప్పినప్పుడు వరండాలో పేపరు చదువుకుంటున్నాను. ఆ తర్వాత పేపర్లో ఏం చదివానో గుర్తు లేదు. మన ఇంట్లో స్టీరింగు పట్టిన మొదటి ఆడపిల్లవి నువ్వే. అద్దె కారు తోలి సంసారం ఈదినవాడి మేనకోడలు సొంత కారు నడుపుకుంటూ హైదరాబాదు నుంచి రాజోలు వస్తోందంటే నాకెలా ఉంటుందో వేరే చెప్పాలా. మీరు చించినాడ వంతెన ఎక్కేసరికి నేను వీధిలోకొచ్చి నిలబడి ఉంటాను.

మీ అమ్మ అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. ఇంకో ముక్క కూడా చెప్పింది. అత్తగారినీ మావగారినీ పిల్లాణ్నీ తీసుకుని భీష్మ ఏకాదశికి అంతర్వేది వెళ్తారనీ, సముద్రస్నానానికి దిగేటప్పుడు తాళం దాచడానికి అయస్కాంతం డబ్బా ఒకటి ఆన్‌లైన్లో తెప్పించావనీ, దాన్ని కారు కింద ఇనుముకి అంటిస్తే ఎవరికీ కనపడదనీ. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ డబ్బాని ఫ్రిజ్‌కి అంటించుకో. కరెంటు బిల్లులు పెట్టుకోవడానికి పనికొస్తుంది.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను, నీకు తెలిసినవే. దిగేముందు సీట్ల మీద ఏమీ కనపడకూడదు, ఖాళీ సంచి కూడా. అది ఖాళీదని నీకు తెలుసు, అద్దం బయట నిలబడ్డవాడికి తెలీదు. బటన్ నొక్కాక ఒకసారి హ్యాండిల్ లాగి చూడు. పవర్‌బ్యాంకు, సెంటు స్ప్రే ఎండలో డ్యాష్‌బోర్డు మీద వదలకు. పిల్లాణ్ని "రెండు నిమిషాలే కదా" అని లోపల వదిలి దిగావో, మేనకోడలివని కూడా చూడను. కారు అసలు కాగితాలు మోసుకు తిరగక్కర్లేదు. ఫోన్లో డిజీలాకర్, ఎంపరివాహన్ యాప్‌ల్లో ఉన్నవి చూపిస్తే చాలని 2018లోనే కేంద్రం చెప్పింది. రెండో తాళం కారులో పెట్టకు, హైదరాబాదులో ఇంట్లో వదిలిరా. కారు పోతే ఇన్సూరెన్స్ వాళ్లు రెండు తాళాలూ అడుగుతారు. లోపల పోయిన సామాను సంగతి మామూలు పాలసీలో ఉండదు, దానికి విడిగా డబ్బు కట్టి ఉంటే తప్ప.

డిక్కీ గురించి మాత్రం ఒక మాట. దాచాల్సిన సంచులు అంతర్వేది చేరాక డిక్కీలో పెట్టకు. మలికిపురంలో టీకి ఆగుతారు కదా, అక్కడే సర్దేసుకో. కారు ఆపి, దిగి, డిక్కీ తెరిచి హ్యాండ్‌బ్యాగు దుప్పటి కింద తోసేవాళ్లని చూసినప్పుడల్లా నాకు నవ్వొచ్చేది. ఆ డిక్కీలో ఏముందో పార్కింగులో ఉన్నవాళ్లందరికీ చెప్పేసినట్టేగా! స్కూటీ డిక్కీల సంగతి ఇక చెప్పక్కర్లేదు. బ్యాంకులో డబ్బు తీసి సీటు కింద పెట్టుకోవడం, దారిలో కొబ్బరిబోండం తాగడానికి ఆగడం, అంతే. బ్యాంకు గుమ్మం నుంచే వెనక పడతారు. "మీ డబ్బులు కింద పడ్డాయండీ", "మీ టైరు కింద ఆయిలు కారుతోందండీ" అని ఎవడైనా అన్నాడంటే ముందు తలుపులు లాక్ చేసుకుని అప్పుడు కిందకి చూడు.

ఇక అసలు సంగతి. మీ నాన్న గురించి నీకు తెలియనిది ఒకటుంది. బావ చిన్నబుచ్చుకుంటాడని మేమెవరం నీ దగ్గర ఎత్తలేదు. నిన్న ఆయనే "రాయి, దానికి తెలియాలి" అన్నాడు.

అప్పటికి నువ్వింకా పాకుతున్నావు. నా అంబాసిడర్ ఆ రోజు కిరాయి లేక ఖాళీగా ఉంది. బావ కొత్తగా డ్రైవింగ్ నేర్చుకున్నాడేమో, "అంతర్వేదికి నువ్వెందుకు, నేనే తోలుకెళ్తాను" అన్నాడు. నాకు మనసొప్పక మా క్లీనరు కుర్రాణ్ని తోడిచ్చి పంపాను. పదహారు పదిహేడేళ్లవాడు, తండ్రి లేడు. కారు తుడవమంటే బానెట్లో వాడి మొహం వాడికి కనపడేదాకా వదిలేవాడు కాదు.

గోదావరి సముద్రంలో కలిసేచోట, అన్నాచెల్లెళ్ల గట్టు వైపు సరుగుడు చెట్ల నీడన ఆపారట. అక్క మెళ్లో నాను, చేతి గాజులు, బావ ఉంగరం, వాచీ అన్నీ తీసి జేబురుమాల్లో మూటగట్టి డ్యాష్‌బోర్డు అరలో పెట్టారు. తాళం జేబులో వేసుకుని దిగితే సముద్రం లాగేస్తుందని బావ భయం. ఆ భయంలో తప్పు లేదు. అటు చూశాడు, ఇటు చూశాడు, చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగి ఎడమ ముందు టైరు మీద, మడ్‌గార్డు లోపల తాళం పెట్టాడు. ఆ వంగడం ఉంది చూశావూ, కార్ల దగ్గర కాళ్లు అరిగేలా నిలబడ్డవాణ్ని చెబుతున్నాను, అది సరుగుడు తోట ఆ చివరినుంచి కూడా తెలిసిపోతుంది. చెప్పు సరిచేసుకునేవాడు చెప్పుకేసి చూస్తాడు. తాళం దాచేవాడు మనుషులకేసి చూస్తాడు.

కుర్రాణ్ని కూడా "నువ్వూ మునిగిరారా" అన్నారు. వాడు గబగబా నాలుగు మునకలేసి, అందరికంటే ముందే ఒడ్డెక్కి ఇసకలో కూర్చున్నాడు. ఆ కాసేపే వాడి కొంప ముంచింది.

తిరిగొచ్చి బావ ఎడమ టైరు మీద తడిమాడు. లేదు. గుండె జారిపోయింది. కుడి టైరు మీద చూస్తే ఉంది. "నా మతిమరుపు తగలెయ్య" అని నవ్వుకుంటూ తలుపు తీశాడు. అద్దం పగల్లేదు, ఎక్కడా గీత పడలేదు. తడిబట్టలతో ఉన్నాం కదా, నగలు ఇంటికెళ్లాక పెట్టుకుందాం లెమ్మని ఎవరూ అర తెరవలేదు. రాజోలు వచ్చి తెరిస్తే మూట లేదు.

తాళం తీసుకుని పనైపోయాక మళ్లీ టైరు మీద పెట్టి వెళ్లాడే ఆ దొంగ, వాడి తెలివి చూడు. అద్దం పగిలి ఉంటే అక్కడే గోల చేసేవాళ్లు, పోలీసులకి చెప్పేవాళ్లు. ఇప్పుడు ఎక్కడ పోయిందో, ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలీదు. తలుపు తలుపులాగే ఉంది, తాళం తాళంలాగే ఉంది. ఇంకేం, ఇంటిదొంగే అన్నారు. అందరికంటే ముందు ఒడ్డెక్కినవాడు ఎవడు?

మీ తాతయ్య వాణ్ని వీధరుగు మీద కూర్చోబెట్టి దీపాలు పెట్టేదాకా అడుగుతూనే ఉన్నారు. కొట్టలేదు. జేబులు తిరగేయించారు. కొంత చిల్లర, తీర్థంలో కొన్న జీళ్ల పొట్లం. వచ్చేపోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. కిరాయి నుంచి నేనొచ్చేసరికి... కాదులే, కిరాయి లేదన్నాను కదా, షెడ్డుకెళ్లాను. షెడ్డు నుంచి నేనొచ్చేసరికి వాడు తలెత్తి నాకేసి చూశాడు. "నువ్వెళ్లరా" అని పంపేశాను. నేను పంపినా వాడి మీద పడ్డ మాట ఊళ్లో ఉండిపోయింది.

కొన్నాళ్ల తర్వాత అన్నం తింటూ తింటూ బావ ముద్ద ఆపేశాడు. "కుడి టైరు దగ్గర నీళ్లగుంట ఉందిరా. తాళం దాచేటప్పుడు నేను అటు వెళ్లనే లేదు. ఎడమ టైరు మీదే పెట్టాను" అన్నాడు. చేయి కడుక్కోకుండానే వాడి ఇంటికి బయల్దేరాడు. వాడు అప్పటికే యానాంలో మేనత్త దగ్గరికి వెళ్లిపోయాడు. బావ యానాం కూడా వెళ్లాడు. వాడు "పర్లేదండి" అన్నాడట. మళ్లీ నా కారు దగ్గరికి రాలేదు. నగలు తర్వాత చేయించుకున్నాంలే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానో నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. పిల్లాణ్ని చూసుకోవడానికి మీ ఇంట్లో పనిచేసే అమ్మాయిని కూడా తీసుకొస్తున్నావట. నువ్వు తాళం కారు కింద అంటించి వెళ్లి, మీ అత్తగారి గొలుసు కనపడలేదనుకో. ముందు ఎవరి సంచి వెతుకుతారు? నువ్వు వద్దన్నా ఆగదు అమ్మడూ. అంచేత తాళం ఎప్పుడూ ఒక మనిషి దగ్గర ఉండాలి, ఆ మనిషి ఎవరో అందరికీ తెలిసి ఉండాలి, ఆ మనిషి మీ ఇంటివాళ్లే అయి ఉండాలి. ఆ పిల్ల చేతికి తాళమూ ఇవ్వకు, నగల సంచీ ఇవ్వకు. దాన్ని నమ్మక కాదు, దాని మీదకి మాట రాకుండా. అసలు నగలు అంతర్వేది దాకా ఎందుకు? మా ఇంట్లో బీరువాలో పెట్టి వెళ్లండి. మీ అత్తగారికి నువ్వు చెప్పలేకపోతే నేను చెబుతాను.

నీ కారు తాళం గురించి కూడా కొంచెం కనుక్కున్నాను. పక్కింటి వాళ్లబ్బాయి కారు కూడా నీలాంటిదే, జేబులో తాళం ఉంటే చాలు, హ్యాండిల్ ముట్టుకోగానే తెరుచుకుంటుంది. నిన్న పొద్దున్న వాణ్ని పట్టుకుని పరీక్ష చేశాం. తాళాన్ని డ్రైవరు వైపు ముందు టైరు మీద పెట్టి హ్యాండిల్ ముట్టుకున్నాను. టిక్కుమని తెరుచుకుంది! అంటే అలాంటి తాళాన్ని అయస్కాంతం డబ్బాలో పెట్టి కారుకి అంటిస్తే, దొంగకి వెతుక్కునే శ్రమ కూడా ఉండదు. చేయి వేస్తే చాలు. మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బాలో పెడితే ఆ కారు పలకలేదు. నీ కారు సంగతి నీ ఇంటి దగ్గరే చూసుకో, ఒక్కో కారు ఒక్కోలా ఉంటుందట. మన రోడ్ల గుంతల్లో ఆ డబ్బా ఊడి ఎక్కడ పడుతుందో అది వేరే టెన్షన్.

ఆ తాళం లోపల మామూలు ఇనప తాళం ఒకటి దాగి ఉంటుంది, చిన్న మీట లాగితే వస్తుంది. అది తీయడం, దాంతో డ్రైవరు తలుపు తెరవడం ఇంటి దగ్గరే ఒకసారి నేర్చుకో. లోపలి బ్యాటరీ అయిపోయినా తాళాన్ని స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కితే చాలా కార్లు స్టార్టవుతాయి. ఉప్పునీళ్లలో మాత్రం ముంచకు. పొరపాటున తడిస్తే బిళ్ల తీసేసి, మంచినీళ్లతో కడిగి, బాగా ఆరాకే మళ్లీ వెయ్యి.

స్నానానికి రెండు జట్లుగా దిగండి. ఒక జట్టు నీళ్లలో ఉంటే రెండోది ఒడ్డున. ఒడ్డున ఉన్నవాళ్లు సంచిని ఒళ్లో పెట్టుకోవాలి, పక్కన కాదు. ఫోన్లు చూసుకుంటూ కూర్చోకూడదు. "కాస్త మా బ్యాగు చూస్తారా" అని తెలియనివాళ్లకి అప్పజెప్పొద్దు. మా రోజుల్లో తాళాన్ని మొలతాడుకి కట్టుకుని మునిగేవాళ్లం, ఆ ఇనప తాళాలకి ఏమీ అయ్యేది కాదు. మీ అమ్మ కొంగున ముడివేసుకుంటానంటుంది, వెయ్యనివ్వకు. ఒక్క కెరటం కొడితే ముడి జారుతుంది. నీకు తప్పదనుకుంటే గాలి చొరని ప్లాస్టిక్ పౌచిలో పెట్టి, లోపలి జాకెట్టుకి పిన్నీసుతో గుచ్చుకో. ముందురోజు రాత్రి ఆ పౌచిలో కాగితం ముక్క వేసి బకెట్లో ముంచి చూడు.

సఖినేటిపల్లిలో కారుని పంటు, అదే గోదావరి దాటించే పెద్ద పడవ, ఎక్కించి నరసాపురం కూడా చూపిస్తావట. ఎక్కించేముందు అందరినీ దింపెయ్యి, ఎక్కాక హ్యాండ్‌బ్రేక్ వేసి గేరులో పెట్టు, అద్దాలు దించు, తాళం నీ చేతిలో కాదు, జిప్పున్న జేబులో ఉండాలి. గోదాట్లో పైసలు వేస్తామని మీ అత్తగారు అడుగుతారు. చిల్లర ఆవిడకి ముందే విడిగా ఇచ్చేసి ఉంచు. తాళమూ చిల్లరా ఒకే గుప్పిట్లో పట్టుకుని గోదావరిలోకి విసిరిన మహానుభావుణ్ని నేను ఎక్కించుకున్నాను ఒకసారి, రావులపాలెం వంతెన మీద. అది ఆయన ఇనప్పెట్టె తాళం. దారంతా దణ్ణం పెట్టుకుంటూనే వచ్చాడు పాపం.

వాడపల్లి వెంకన్న దర్శనానికి వెళ్లాలంటే శనివారం పెట్టుకోవద్దు. ఏడు వారాల మొక్కులవాళ్లతో కారు ఎక్కడ ఆపావో నీకే దొరకదు. 2027 పుష్కరాలకి కూడా కారులోనే వస్తానన్నావట, దాని సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.

రాసింది చదివితే నాకే తిట్టినట్టుంది. తిట్టడం కాదే. బావ నిన్న "అది నీలాగే అద్దాలు చూసుకుని మరీ బయల్దేరుతుందిరా" అన్నాడు. ఆ మాట ఆయన చేత రెండుసార్లు చెప్పించుకున్నాను.

ఒడ్డున ఎవరు కూర్చుంటారని మీలో మీరు వాదించుకోవద్దు. ఈ మోకాళ్లతో నేనెలాగూ నీళ్లలో దిగలేను. ముందు సీటు నాకు ఉంచు. మడతపెట్టే కుర్చీ ఒకటి, గొడుగు ఒకటి డిక్కీలో వేసుకురా. సంచులన్నీ నా ఒళ్లో పెట్టి అందరూ ఒకేసారి దిగండి, ఆ పిల్లతో సహా.

మీ మావయ్య