మొహమాటపడితే ఐసీయూలో కుదరదు

అమ్మడూ,

చెన్నైలో క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సులో, అంటే ఐసీయూ నర్సుల పై చదువులో, సీటొచ్చిందని మీ అమ్మ చెప్పింది. రెండేళ్ల రెసిడెన్సీ, అంటే క్లాసు తక్కువ, వార్డు ఎక్కువ. నీకున్న ఒకే భయం నాకు తెలుసు. మన ఇంటి మొహమాటం.

నేను ఐసీయూ నర్సుగా డ్యూటీ చేసిన ఒక రాత్రి సంగతి చెబుతా. అరవై కిలోల మనిషి, బీపీ 110, మానిటర్ ప్రశాంతంగా ఉంది. యూరిన్ బ్యాగ్‌లో మాత్రం గంటకి 40 మిల్లీలీటర్లు, తర్వాత 25, తర్వాత 10. ఆ బరువుకి గంటకి ముప్పై మిల్లీలీటర్లైనా రావాలి. చార్టులో చక్కగా రాశాను, ఫోన్ మాత్రం చెయ్యలేదు. మూడింటికి పెద్ద డాక్టర్ని ఎలా లేపడం అని! తెల్లారేసరికి బీపీ కూలబడింది. అతను బతికాడు గానీ, వారం రోజులు డయాలసిస్ మీదున్నాడు. ఒంట్లో రక్తప్రసరణ తగ్గుతోందని బీపీ కన్నా ముందే మూత్రం చెబుతుంది, నువ్వు వినాలి. ఫోన్ చేసినప్పుడు కూడా "కొంచెం డల్‌గా ఉన్నాడు సార్" అనకు. పేరు, బెడ్, గడిచిన మూడు గంటల అంకెలు, నీకేం అనుమానం, ఏం కావాలి, ఇవి చెప్పు. ఫోన్లో ఆర్డర్ ఇస్తే తిరిగి చదివి వినిపించి, టైమ్ వేసి రాసుకో.

మందులు సొంతంగా రాసే అధికారం మనకి లేదు. ఆస్పత్రి ఆమోదించిన ప్రోటోకాల్, అంటే ఎప్పుడేం చెయ్యాలో ముందే రాసిపెట్టిన కాగితం, దాని దాకానే మన చెయ్యి. దాన్ని చిన్నతనమనుకోకు, ఆ కాగితమే రేపు నిన్ను కాపాడేది.

తమిళం త్వరగా పట్టుకో. కొత్తలో ఒక ముసలమ్మ "మూచ్చు తిణరుదు" అంటే మూర్ఛ అనుకుని ఫిట్స్ ట్రే కోసం పరిగెత్తాను. పాపం, ఆయాసంతో ఊపిరాడటం లేదంటోంది ఆవిడ. అర్థం కాకపోతే మళ్లీ అడుగు, నవ్వితే నవ్వుకోనీ.

కోర్సయ్యాక ఆఫర్ లెటర్లో హోదా ఏమని రాశారో చూడు. స్టాఫ్ నర్స్ అని వేసి, పని మాత్రం రెండింతలు చేయించే చోట్లున్నాయి. అక్కడా నోరు విప్పి అడగాల్సిందే.

తమిళనాడు నర్సుల కౌన్సిల్లో రిజిస్ట్రేషన్‌కి ఒరిజినల్స్ అన్నీ తెచ్చుకో. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వస్తే సెంట్రల్‌లో దిగగానే ఫోన్ చెయ్యి. నేను డ్యూటీలో ఉంటే బాబాయి వస్తాడు.

నీ పిన్ని