నొప్పి తగ్గిందని వారానికోసారి మాత్ర ఆపేయడం వల్లే ఇది

మీరు రెండు నెలల క్రితం కీళ్లవాతానికి (రుమటాయిడ్ ఆర్థ్రైటిస్) వాడే మెథోట్రెక్సేట్ మాత్ర ఆపేశారన్నారు కదక్కా, పొద్దున్నే వేళ్లు మళ్లీ బిగుసుకుపోవడానికి చాలావరకు కారణం అదే. చిత్తూరు చలి కాదు, మీరు తిన్న వంకాయా కాదు.

చాలామంది ఇక్కడే పొరబడతారు. రెమిషన్ అంటే జబ్బు పోవడం కాదు, మందు వాడుతూ ఉండగా వాపు అణిగి ఉండటం. డాక్టర్ 28 కీళ్లు నొక్కి చూసి, ఈఎస్ఆర్ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష) కూడా కలిపి, జబ్బు ఎంత చురుగ్గా ఉందో చెప్పే డాస్28 స్కోరు వేస్తారు, అది 2.6 కంటే తక్కువుంటే రెమిషన్. నొప్పి లేదు కాబట్టి మందు అక్కర్లేదు అనుకోవడం నేనూ చేశాను, మళ్లీ దారికి రావడానికి నాలుగు నెలలు పట్టింది.

ఇప్పుడు చేయాల్సింది:

1. ఇంట్లో మిగిలిన మాత్రలు సొంతంగా మొదలుపెట్టకండి. ముందు రక్తపరీక్ష, లివర్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు) చూపించండి.
2. తిరుపతిలో మామూలు ఎముకల డాక్టర్ దగ్గరికి కాదు, రుమటాలజిస్ట్ (కీళ్లవాతం స్పెషలిస్ట్) దగ్గరికే వెళ్లండి. ఆపిన తేదీ దాచకుండా చెప్పండి.
3. మళ్లీ రాస్తే అది వారానికి ఒక్కరోజే. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. క్యాలెండర్‌లో ఆ రోజు గుర్తుపెట్టండి, దీని దుష్ప్రభావాలు తగ్గించడానికి ఇచ్చే ఫోలిక్ యాసిడ్ విటమిన్ మాత్ర వేరే రోజు.
4. గుణం కనిపించడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది, గుణం లేదని మధ్యలో ఆపొద్దక్కా.

జ్వరం వచ్చినా, నోట్లో పుండ్లు లేచినా ఆ రోజే డాక్టర్‌కు ఫోన్ చేయండి.